తలుపుల్లేని బండి మీద కొండల్లోకి

ప్రభువు నామమున మీ అందరికీ వందనాలు, సహోదరులారా, సహోదరీలారా. ఎక్కువసేపు నిలబడే ఓపిక నాకు లేదు గనుక మధ్యలో కుర్చీ లాక్కుంటే ఏమీ అనుకోవద్దు. వెనక తలుపు ఎవరో బార్లా తెరిచి ఉంచారు. మా ఆవిడ కోసమే తెరిచారని నాకు తెలుసు. దాని సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే ఈ సాక్ష్యమంతా తలుపు గురించే.

నేను బడి మొహం ఎరగను. బైబిలు చదవాలన్న ఆశ కొద్దీ అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, కాబట్టి మాటల్లో తప్పులుంటే సర్దుకోండి. జ్ఞాపకంలో మాత్రం తప్పులుండవు. ఈ గల్ఫు దేశంలో, ఈ ఫుజైరాలో కొండలను పిండి చేసే క్రషర్‌లో వెల్డర్‌గా నా జీవితం గడిచింది. కరోనా వచ్చిన సంవత్సరం నా భార్య సువార్తమ్మకు జ్వరం తగిలింది. అంబులెన్సు వచ్చింది, నన్ను ఎక్కనివ్వలేదు, తలుపు వేసేశారు. లోపలి నుంచి ఆమె అరచేత్తో ఆ తలుపును కొట్టిన చప్పుడు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. దేవుని దయవల్ల నయమై తిరిగొచ్చింది, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని డాక్టరు చెప్పాడు, స్తోత్రం చెప్పుకున్నాం, అయితే ఆ తలుపు మాత్రం ఆమె వెంటే ఇంటికొచ్చింది.

లిఫ్టు ఎక్కలేదు. బస్సు ఎక్కలేదు. టాక్సీలో కూర్చోబెట్టి తలుపు వేస్తే చాలు, గొంతు పట్టుకుని "ఆపించండి, ఊపిరాడటం లేదు" అనేది. స్నానాల గదికి గడియ వేసుకోవడం కూడా మానేసింది. పై అంతస్తులో ఉన్న మంచి గది వదిలేసి, మా కంపెనీ పనివాళ్ల క్యాంపు వెనకాల కింది గదికి మారాం. అలా ఏళ్లు గడిచాయి. ఇంతలో నా వయసూ అయిపోయింది. మా ముదీర్, అంటే మేనేజరు, ఆఫీసుకు పిలిచి, "బాబా, ఖలాస్, అయిపోయింది. ఇంక వీసా కొట్టరు. ఇంటికెళ్లి రెస్టు తీసుకో" అన్నాడు. ఇన్నేళ్ల చాకిరీకి ఒక్క టీ గ్లాసు మర్యాద కూడా చేయలేదు, అది వేరే సంగతి. నా గుండెలో పడిన రాయి ఏమిటంటే, టాక్సీ ఎక్కలేని మనిషిని విమానం ఎలా ఎక్కించాలి? సముద్రాన్ని పాయలు చేసి నడిపించుకుపోవడానికి నేను మోషేనా?

ఇప్పుడొక మాట అంటాను, కోపం తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోండి. మీలో కొందరు మా గదికి వచ్చారు. మంచి మనసుతోనే వచ్చారు. భయపు ఆత్మ పట్టింది, వెళ్లగొట్టాలి అన్నారు. ఆత్మ బయటికి పోవాలంటే తలుపు తీసి ఉంచాలి గదా, వీళ్లు పక్క గదివాళ్లకు ఇబ్బందని గడియ బిగించి మరీ ప్రార్థన మొదలుపెట్టారు! ఆమె నా చేతుల్లో సొమ్మసిల్లి పడిపోయింది. అప్పుడొక సహోదరి, "దాచుకున్న పాపమేదో ఉంది అంకుల్, ఒప్పుకోమనండి" అంది. నా భార్య దాచుకున్నది ఏదన్నా ఉందంటే, బీపీ ఉన్న నా కంట పడకుండా దాచిన ఆవకాయ సీసా ఒక్కటే. వాళ్లు ప్రార్థన నూనె సీసా ఇచ్చి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం నాకు మోకరించే ఓపిక కూడా లేకపోయింది. "ప్రభువా, నేను అలిసిపోయాను, ఇక నువ్వే చూసుకో" అన్నాను. అంతకంటే పెద్ద ప్రార్థన ఆ ఏడాదంతా నేను చేయలేదు.

మా క్యాంపులో, ఊళ్లకు వెళ్లిపోయినవాళ్ల సైకిళ్లు తుప్పు పట్టి పడి ఉంటాయి. ఒకనాడు సువార్తమ్మ గుమ్మంలో కూర్చుని వాటినే చూస్తూ, "ఏవండీ, వీటికి తలుపుల్లేవు కదండీ" అంది. సహోదరులారా, ఆమె గోదావరి జిల్లాలో ఉపదేశిగారి కూతురు. కాలవగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ పక్క ఊరికి సండే స్కూలు చెప్పడానికి వెళ్లేది. "సైకిలు తొక్కే పిల్ల మనకెందుకురా" అని మా మేనత్త అన్న మాట నేను మరిచిపోలేదు. రెండు సైకిళ్లు బాగుచేశాను. ముందు వీటి మీద ధైర్యం తెచ్చుకుంటే తర్వాత విమానం సంగతి చూద్దామంటూ ఆమె క్యాంపు ఆవరణలో తొక్కడం మొదలుపెట్టింది. క్యాంపులో ఉండే జగిత్యాల కుర్రాళ్లు నవ్వేవాళ్లు.

"ఏం కాకా, అత్తమ్మను తోల్కొని యాడికి పోతున్నవ్?"

"నీకు పిల్లను చూడ్డానికిరా. వద్దంటే చెప్పు, ఇక్కడే ఆగిపోతాం" అనేది మా ఆవిడ.

కొన్నాళ్లకు, "ఈ కొండల్ని పగలగొట్టుకునే ఇన్నేళ్లు అన్నం తిన్నాం, పోయేలోపు ఒక్కసారి వాటి లోపలికి వెళ్లి చూద్దామండీ" అంది. చలికాలం గనుక సరేనన్నాను. పెరుగన్నం, ఖర్జూరాలు, నీళ్లు, ఆ నూనె సీసా సంచిలో వేసుకుని, నెత్తిన క్రషర్‌లో ఇచ్చే పసుపుపచ్చ హెల్మెట్లు పెట్టుకుని తెల్లవారగానే బయల్దేరాం. ఎండిపోయిన వాగు పక్కన పాత రోడ్డు. రెండు వైపులా గడ్డిపరక మొలవని బోడి కొండలు, మలుపు తిరిగితే ఖర్జూరపు తోట, ఇంకో మలుపులో మేకలు. ఎక్కుడు వస్తే దిగి తోసేవాళ్లం, పల్లం వస్తే ఆమె ముందు, నేను వెనక. బిగుతు బట్టలేసుకున్న తెల్లదొర, దొరసాని ఖరీదైన సైకిళ్ల మీద చెయ్యి ఊపుతూ మమ్మల్ని దాటిపోయారు. "చూశారా, వాళ్లు సరదాకి తొక్కుతున్నారు. మనం విమానం కోసం తొక్కుతున్నాం" అని నవ్వింది. ఆమె నవ్వు విని ఎంత కాలమైందో.

పెద్ద ఎక్కుడు దగ్గర నా సైకిలు చైను కీచుమని మొరపెట్టింది.

"ఆ నూనె పోయండి" అంది.

"ప్రార్థన చేసిన నూనె చైనుకు పోయమంటావా?"

"రోగికి రాయమనే కదండీ ఇచ్చారు. ఇప్పుడు రోగంతో ఉంది అదే."

నేను వెల్డర్‌ని. ఆలివ్ నూనె ఇసుకను జిగురులా పట్టుకుంటుందని నాకు తెలుసు. అయినా ప్రార్థన చేసిన నూనె గదా, ఇసుకే తప్పుకుంటుందనుకుని ధారాళంగా పోశాను. ఇసుక తప్పుకోలేదు. కొండ సగం ఎక్కేసరికి చైను ముద్దకట్టి, పళ్ల మీంచి జారి వెనక చక్రంలో ఇరుక్కుని బిగుసుకుపోయింది. చక్రం తిరగని సైకిలును, చలికాలమైనా మాడ్చే మధ్యాహ్నపు ఎండలో ఎత్తుతూ, ఈడుస్తూ, ముదీర్‌నీ, గడియ వేసినవాళ్లనీ, నన్నూ తిట్టుకుంటూ ఎక్కుతుంటే కళ్లు బైర్లు కమ్మాయి. గుండెను ఎవరో పిడికిట పట్టి పిండినట్టయింది. రోడ్డు పక్కన కూలబడిపోయాను.

అప్పుడు ఆమె నా తల ఒళ్లో పెట్టుకుని చేసిన ప్రార్థన వినండి: "తండ్రీ, ఈయన కోపిష్టి, నీకు తెలియంది కాదు. అయినా నాకున్నది ఈయనే. కావాలంటే నా ఊపిరి తీసి ఈయనకు పెట్టు."

ఒక పికప్ ఆగింది. డ్రైవరు పఠాన్. వెనకంతా మేకలు. "ఖాలా, పీఛే జగా నహీ, అందర్ బైఠో, యల్లా" అన్నాడు, అంటే వెనక చోటు లేదు, ముందున్న క్యాబిన్‌లోనే ఎక్కాలి. సైకిళ్లు అక్కడే వదిలేశాం. అతను నన్ను ఎత్తి కూర్చోబెట్టాడు, ఆమె నా పక్కన ఎక్కింది, తలుపు ధడాలున పడింది.

కాస్త దూరం పోయాక చల్లగాలికి నాకు తెలివొచ్చింది. చూస్తే అద్దాలన్నీ పైకి ఎత్తి ఉన్నాయి, ఏసీ నడుస్తోంది. ఆమె చెయ్యి తన గొంతు మీద లేదు, నా ఛాతీ మీద ఉంది. తలుపు మాట నేనెత్తితే ఆమెకు గుర్తొస్తుందని నోరు మూసుకున్నాను. నా జీవితంలో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువని మీకు తెలుసు. చివరికి ఆమే అంది.

"తలుపు మూసే ఉందండీ. ఎక్కేటప్పుడే చూశాను."

"మరి ఊపిరి?"

"మీరు పీలుస్తున్నారా లేదా అని చూసుకుంటున్నాను. నాది చూసుకునే తీరిక ఎక్కడిది?"

నాకు గుండెజబ్బు కాదు, ఎండదెబ్బ అన్నారు ఆసుపత్రిలో. అక్కడ నన్ను పై వార్డుకు తీసుకెళ్లేటప్పుడు ఆమె నా వెంట లిఫ్టులోకి వచ్చింది. కళ్లు మూసుకుని, నా చొక్కా పట్టుకుని వచ్చింది, కానీ వచ్చింది. ఆ తర్వాత టాక్సీ ఎక్కింది, బస్సు ఎక్కింది. ఒక్కోసారి మధ్యలో దిగిపోయాం కూడా, అబద్ధం చెప్పను. కొందరు ఇది నూనె చేసిన అద్భుతమని చెప్పమంటున్నారు. చెప్పను. నూనె ఓడిపోయింది, నా సైకిలే సాక్షి. నేనూ ఓడిపోయాను. ఓడిపోనివాడు ఒక్కడే, దేవునికే మహిమ.

వచ్చే వారం మా ప్రయాణం. విమానంలో తలుపు వేస్తే ఏమవుతుందో నాకు తెలియదు, భయంగానే ఉంది. కానీ ఏళ్ల తరబడి నేను ఆయన్ను తలుపు తీయమని అడిగాను. ఆయన తీయలేదు. లోపలికొచ్చి పక్కన కూర్చున్నాడు, మేకల కంపు కొట్టే బండిలో. మీ ఇంట్లో ఏ తలుపు మూసుకుపోయి ఉందో నాకు తెలియదు. మీరూ అలిసిపోయి ఉంటే, పెద్ద ప్రార్థన చేతకాకపోతే, అలిసిపోయానని ఆయనతో చెప్పండి. ఆయనకు అది చాలు. ఆయన్ను నమ్మండి.

ఇంక ఆ వెనక కూర్చున్న సహోదరుడా, మా ఆవిడ మీద నీ ప్రేమకు వందనాలు. ఇందాకటి నుంచి ఆమె నాకు సైగ చేస్తోంది. ఏసీ చల్లదనమంతా బయటికి పోతోందట. ఆ తలుపు వేసెయ్యి నాయనా.