దొర మొక్కు

నరసింహానికి గొర్రెల మీద ఎంత నమ్మకమో మనుషుల మీద అంత అనుమానం. బేస్తవారిపేటలో ఇంటి నుంచే కంపెనీకి ప్రోగ్రాములు రాసే కూతురు కల్యాణి, మంద కోసం ఫోన్‌లో యాప్ చేసిస్తానంటే ఆయన అడిగింది ఒకటే.

"మొక్కు రాసుకునే చోటు ఉండాల. తీరేదాకా బయట చెప్పగూడదు గదా. ఎవరికీ కనపడదా?"

"ప్రైవేటు పెట్టినా నాయనా. నీ వేలిముద్ర పడితేనే తెరుచుకుంటాది."

యాప్‌లో ఒక్కో గొర్రె ఒక్కో ఆబ్జెక్టు, అంటే దాని వివరాలన్నీ దాచే పెట్టె. పైకి రంగు, వయసు. లోపల తాళం వేసిన మొక్కు. గుళ్లో హుండీకి కూడా అంత కాపలా లేదు.

పొట్టేళ్లను బలిచ్చే అంకాలమ్మ కొలుపు దగ్గరపడింది. నరసింహం కత్తి నూరుతూ మాటిమాటికీ దొర వంక చూడసాగాడు. దొర అంటే, తల్లి చచ్చిపోతే కల్యాణి సీసాపాలు పట్టి పెంచిన పొట్టేలు. ఆమెతోపాటు కంపెనీ మీటింగుల్లో కూర్చునేది. దాని అరుపు వినపడకపోతే మేనేజరు, "దొరగారు సెలవా?" అని అడిగేవాడు. దాన్ని కోస్తారేమోనని ఆమెకు ముద్ద దిగలేదు.

ఉండబట్టలేక, దొర మీద నాయన ఏం మొక్కాడో చూడ్డానికి రిఫ్లెక్షన్ వాడింది. నడుస్తున్న ప్రోగ్రామే తన ఆబ్జెక్టుల కడుపులోకి తొంగిచూసి, ఏ పేరుతో ఏముందో చదివే పద్ధతి అది. ప్రైవేటు అన్నా ఆగదు, కావాలంటే మార్చి మరీ వస్తుంది.

'ఈ ఏడు అమ్మాయి ఉద్యోగం ఊడకుంటే దొర అంకాలమ్మకు' అని ఉంది. ఉద్యోగం ఊడలేదు. కల్యాణికి ఏడుపొచ్చింది. నాయన మొక్కు చెరపడానికి చెయ్యి రాలేదు. దాని పైన, అంతకంటే పాత తేదీ వేసి, అమ్మ కొండమ్మ పేరిట ఇంకో మొక్కు ఎక్కించింది. దొరను ప్రాణాలతో పోలేరమ్మకు వదిలేస్తానని.

కొలుపునాడు పొద్దున్నే నరసింహం వేలిముద్ర వేసి చూసుకుని, ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఏమే, దొరను పోలేరమ్మకు మొక్కినావంట. నాకంటే ముందే."

కొండమ్మ ఫోన్ మోగితే పక్కింటి వాళ్లను పిలిచే మనిషి. ఆమె తెల్లబోయి చూసింది. గుమ్మంలో కూతురు తలొంచుకుని దొర మెడ పట్టుకుని ఉంది.

"మొక్కినా," అంది కొండమ్మ. "చెప్పగూడదని చెప్పలేదు. అంకాలమ్మకు వేరే పొట్టేలును చూడు."

ముందు మొక్కిన అమ్మవారితో తగువెందుకని నరసింహం కత్తి చంకన పెట్టుకుని మంద దగ్గరికి నడిచాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, కొండమ్మ చేతులు కడుక్కుని పసుపు కుంకుమ పళ్లెంలో పెట్టుకుంది.

"పోలేరమ్మకు నేనేమని మొక్కినానో ఒకసారి చదువు తల్లీ," అంది. "పోయి నిజంగానే మొక్కి వస్తా."