పైను వాసన ఎరిగిన ముక్కు

పోయిన నెల మన సంఘ పత్రికలో మా వదినె గురించి "వయోభారంతో ప్రశాంతంగా ప్రభువునందు నిద్రించినది" అని వేశారు. సంపాదకుడు నా దగ్గర చదువుకున్నవాడే కనుక దిద్దే హక్కు నాకుంది. వయోభారం కాదు, పాచిపోయిన చేపలకూర. ప్రశాంతంగానూ కాదు, ఒక పగలంతా కడుపు పట్టుకుని మెలికలు తిరిగి పోయింది. "నిద్రించినది" అన్న దానికి మాత్రం మార్కులు కోయను.

వదినె అంటే నా భర్తకు అక్క. మిషను ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు నర్సు, ఇంట్లో ఒక్కతే. నా ముగ్గురు పిల్లలనూ భూమ్మీదికి లాగినవి ఆమె చేతులే, లాగుతున్నంతసేపూ తిట్టింది ఆమె నోరే. "గంతగనం ఏడ్వకు మర్దలా. మీ అవ్వ గూడ గిట్లనే కన్నది, ఊరు మునగలే" అనేది. మూడో కాన్పుకు ఆ మాట ఆమె కంటే ముందు నేనే అన్నాను. నవ్వింది, నవ్వి తొడ మీద ఒకటి చరిచింది.

రజాకార్ల గడబిడ సద్దుమణిగాక ఆస్పత్రి డాక్టరు దొరసాని తన దేశానికి వెళ్ళిపోతూ వదినెకు ఒక రేకుపెట్టె ఇచ్చింది. అందులో క్రిస్మస్ చెట్టు. ఇనుప తీగలకు ఆకుపచ్చ రంగేసిన బాతు ఈకలు చుట్టి చేసిన కొమ్మలు. గొడుగులా ముడుచుకుంటుంది, విప్పితే నడుమెత్తున నిలబడుతుంది. ఏటా చర్చిలో దాన్నే నిలబెట్టేవాళ్ళం.

"సూడబోతే చెట్టే. వాసన ఏదే?" అనేది వదినె. దొరసాని వెంట ఎండాకాలాల్లో కొడైకెనాల్ కొండలకు పోయి పైను చెట్ల కింద తిరిగిన మనిషి మరి. ఇప్పపూల వాసన మా జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. పైను వాసన ఎరిగిన ముక్కు మాత్రం ఊరంతటికీ ఆమెదొక్కటే. కాబట్టి ఆ ఈకల చెట్టుకు పైను వాసన పట్టించే పని నాది, తీర్పు ఆమెది.

మొదటి ఏడు టర్పెంటు నూనెలో దూది ముంచి కొమ్మల సందుల్లో దాచాను. అది పైను జిగురు నుంచే తీస్తారని ఎక్కడో చదివాను, చదువు అక్కరకొచ్చిందని మురిశాను కూడా.

"ఏం పోసినవే?" అంది. చెప్పాను. వంగి పీల్చి ముక్కు ముడిచింది. "కొత్త తలుపుకు వార్నీసు ఏసినట్టుంది. గిది చర్చా, వడ్లోళ్ళ కొట్టమా?"

"ప్రభువును పెంచిన యోసేపు వడ్లాయననే గద వదినె."

"నోటికేం తక్వ లేదు. వాసనే లేదు."

మరుసటేడు గుగ్గిలం పొగ వేశాను. "ఏం ఏసినవే?" అని అడిగి, "మైసమ్మ కొలుపు లెక్కుంది" అంది. నీలగిరి తైలం చల్లితే కాళ్ళనొప్పుల వార్డన్నది. నిమ్మతొక్కలు కడితే పచ్చడి ఎప్పుడు పెడుతున్నావంది. ఇవన్నీ పాస్టరమ్మ ముందు, పాటలు నేర్చుకునే ఆడపిల్లల ముందు. ఆ పిల్లలు బడిలో నా శిష్యురాళ్ళు. "టీచరు ట్రైనింగు సదివింది, గింత వాసన తేలేకపాయె" అని వాళ్ళకే చెప్పేది.

అంత తీర్పరి మనిషి, తాను వండిన గిన్నెను మాత్రం రోజూ మధ్యాహ్నం కొంగు కింద దాచుకుని నాలుగిళ్ళు దాటి నా దగ్గరికి తెచ్చేది. "జర సూడే మర్దలా, ఉప్పు సరిపోయిందా?" రుచి చూస్తే ఎంగిలవుతుందని మా అత్తగారింట్లో వాసనతోనే ఉప్పు చెప్పేవాళ్ళు. మతం మారింది గానీ ఎంగిలి మారలేదు. నేను మూత తీసి వాసన చూసి సరిపోయిందనేదాన్ని. అప్పుడప్పుడు "నిన్నటిదా వదినె? పులిసింది, పారబొయ్యి" అనేదాన్ని. మారుమాట లేకుండా పారబోసేది. నా మాట ఆమె విన్నది ఆ ఒక్క విషయంలోనే. నా వంటకు దక్కిన గౌరవమనుకున్నాను.

ఒకనాడు ఆమె ఇంటికి వెళ్తే పొయ్యి మీద పాలు మాడి వాకిలి దాకా కంపు కొడుతోంది. వదినె పొయ్యికి జానెడు దూరంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "పాలు!" అని అరిచాను. తలెత్తి, పొగ కళ్ళబడ్డాక అప్పుడు లేచింది. "యాది మరిచిన" అంది.

మరపు కాదని నాకు తెలిసిపోయింది. దొరసాని వెళ్ళిన ఏడే వదినెకు పెద్ద జ్వరం వచ్చింది. ముక్కు ఆ జ్వరంతోనే పోయి ఉండాలి. అందుకే చెట్టు దగ్గరికి రాగానే ముందు "ఏం పోసినవే" అని అడిగేది, పేరు విన్నాకే ముక్కు ముడిచేది.

మంచి మనిషైతే అక్కడితో ఊరుకునేది. నేను డిసెంబరు దాకా ఊరుకున్నాను.

"ఏం పోసినవే ఈయేడు?"

"పట్నం నుంచి తెప్పించిన అసలు పైను నూనె వదినె."

నేను చల్లింది ఇంగువ నీళ్ళు. గడపలో అడుగు పెట్టగానే చారు గుర్తొస్తోంది. వదినె చెట్టు దగ్గరికి వంగి, కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చింది.

"గిదే... గిదే మర్దలా. పొద్దుగాల మంచు కురుస్తుంటే గీ వాసననే అచ్చేది. ఇన్నేండ్లకు తెచ్చినవు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పాటల పిల్లలు కాసేపు నవ్వు బిగబట్టారు, తర్వాత వాళ్ళ వల్ల కాలేదు. "అమ్మమ్మా, గది ఇంగువనే!" అందొకతి. చర్చంతా పకపకలు. నేనూ నవ్వాను, అది రాయకపోతే అబద్ధమవుతుంది.

వదినె నా వంక చూసింది. "పప్పుల ఏసెటందుకు ఏమన్న మిగిల్చినవా?" అంది. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి గిన్నె రాలేదు. పీడ వదిలిందనుకున్నాను. రెండేళ్ళు అలాగే అనుకున్నాను. దారిలో ఎదురుపడితే "బాగున్నవా", "బాగనే ఉన్న", అంతే.

ఈ వానాకాలంలో ఎవరో పాత రోగి గోదావరి బొచ్చె చేప తెచ్చిచ్చాడట. వండుకుని, మిగిలింది మూడో రోజు కూడా తిన్నది. కబురు విని పరుగెత్తితే ఆమె గడప దాటకముందే ఆ కూర కంపు నా ముఖాన కొట్టింది. ముక్కున్నవాళ్ళెవరూ ఆ గిన్నెలో చెయ్యి పెట్టరు. అక్కడ నిలబడితే తెలిసింది, రోజూ ఆమె గిన్నె తెచ్చింది ఉప్పు కోసం కాదని. అది తినొచ్చో లేదో నా నోట చెప్పించుకోవడానికి. అడగడం చేతకాని మనిషి అడిగిన తీరది. నేను ఆమెను చర్చిలో నలుగురి ముందు నవ్వులపాలు చేసి దాన్ని ఆపించాను.

మంచం పక్కన కూర్చుని, "ఒక్కపారి నాకు చూపిస్తే ఏమాయె వదినె?" అన్నాను.

కళ్ళు తెరిచింది. "ఉప్పు సరిపోయింది తియ్యే" అంది.

పొద్దుగూకక ముందే పోయింది.

ఇప్పుడు సంపాదకుడికి ఒక పని. నాయనా, మన పాస్టరుగారి అల్లుడు వచ్చే నెల కొడైకెనాల్ సభకు పోతున్నాడని విన్నాను. పైను కొమ్మ ఒకటి తెమ్మని చెప్పు, చిటికెనవేలంత చాలు. తుంచగానే తడిగుడ్డ చుట్టి డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించమను. దారిలో తీసి చూడబుద్ధవుతుంది, చూడొద్దను. మంచిర్యాలలో రైలు దిగి, లక్సెట్టిపేట బస్సెక్కి, ఇంటికి పోకుండా నేరుగా సమాధుల తోటకు రమ్మను. ఎడమ వరుసలో చివరిది, మట్టి ఇంకా కుంగలేదు. తల వైపు డబ్బా పెట్టి, మూత తీసి, వెనక్కి తిరిగి చూడకుండా పొమ్మను.

నన్ను పిలవొద్దు. ఎవరైనా అడిగితే నాకు పడిశం పట్టిందని చెప్పు.