మావయ్య రింగుకి అల్లిన వల

మా మావయ్య, అంటే నా భర్త తండ్రి, విశాఖ ఆసుపత్రిలో పోయారన్న కబురు మా ఊరి కొట్టు ఫోనుకి వచ్చింది. కొట్టతను పరుగున వచ్చి చెప్పేసరికి నేను అరుగు మీద కూర్చుని, ఆయన అల్లమన్న వలే అల్లుతున్నాను. ఇంకో రెండు ముళ్లు వేశాక గాని నా వేళ్లు ఆగలేదు.

ఆయన పలాసలో ఒక కాలేజీకి బాస్కెట్‌బాల్ కోచ్. వజ్రపుకొత్తూరు పక్కన, సముద్రంలో చేపల వేటకు వెళ్లే మా ఊళ్లో అందరూ ‘బంతి మాస్టారు’ అనేవారు. కుర్రతనంలో పడవెక్కితే వాంతులయ్యేవట. అందుకని కాలేజీలో అటెండరుగా చేరారు. మైదానంలో సున్నంతో గీతలు గీయడం ఆయన పని. గీసి, పక్కన నిలబడి చూసి చూసి ఆట నేర్చుకున్నారు. ఉన్న కోచ్ వెళ్లిపోతే, కొత్తవారు వచ్చేదాకా ఆడపిల్లల జట్టును చూడమన్నారు. కొత్తవారు రాలేదు. ఆరేళ్లకు ఆయన్నే కోచ్ అంటూ కాగితం ఇచ్చారు. ఆ రోజు కూడా గీతలు ఆయనే గీశారు.

“ఇంకోడు గీత్తే వొంకరొత్తాది” అన్నారు.

నేను ఐదో తరగతితో ఆగినదాన్ని. అత్తయ్య లేని ఆ ఇంట్లో, పెళ్లయిన కొత్తలో, తలెత్తి మాట్లాడేదాన్ని కాదు. ఒకరోజు ఆయనే నా ముందు నైలాన్ దారం పెట్టారు.

“అమ్మీ, మీ అయ్య వలలు నువ్వే అల్లేదానివంట గదా. మా రింగుకోటి అల్లు.”

మా నాన్నకు అల్లినట్టే సంచిలా అల్లి, అడుగు మూసేశాను. మర్నాడు ఆయన పగలబడి నవ్వుతూ వచ్చారు.

“బంతి లోపలే ఉండిపోనాది తల్లీ! నిచ్చెనేసి తీసినాం. ఇది సేప కాదమ్మా, పట్టీసుకోకూడదు. ఒగ్గేయాల.”

నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నేను పైకి నవ్వడం అదే మొదలు.

ఆటకు ముందురోజు అరుగు మీద ఐదు జీడిపిక్కలు పేర్చి నాకు వివరించేవారు. “బంతిని కాదు, కాళీగా ఉన్నదాన్ని సూడాల” అనేవారు. ఒకసారి మూలనున్న పిక్కను వేలితో చూపించాను. “ఈ పిల్లకి ఇయ్యొచ్చు గదా మావయ్యా?”

ఆ పిక్కను జానెడు ముందుకు జరిపారు. “మనిద్దరం కాలేజీ సదవని కోచ్‌లమే” అన్నారు.

“ఓపాలి వొచ్చి సూడమ్మా” అని ఎన్నిసార్లో పిలిచారు. అంతమందిలోకి పోవడానికి సిగ్గేసి వెళ్లలేదు.

మొన్న జిల్లా పోటీలకు ముందు ఆయన పాదాలకు బూట్లు పట్టలేదు. లేసులు వదులు చేయమన్నారు. చేస్తుంటే నా వేలు తగిలిన చోట గుంట పడి, అలాగే ఉండిపోయింది. మా ఉద్దానంలో ఆ గుంట ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. కిడ్నీలు పాడై పోయిన మా నాన్నకూ ముందు కాళ్లే పొంగాయి.

“మావయ్యా...” అన్నాను.

“ఆటలైపోనీ. నానే సెప్తాను. మీ ఆయనకి సెప్పకు.”

నేను చెప్పలేదు. నెల పైన రోజూ లేసులు వదులు చేస్తూ వచ్చాను. పిల్లలు కప్పు తెచ్చారు. ఆ వారమే ఆయన్ని విశాఖ తీసుకెళ్లారు. బస్సెక్కుతూ, “వల సిరిగిపోనాది, కొత్తది అల్లుంచు” అన్నారు.

“నీకు ముందే తెలుసా?” అని విశాఖ నుంచి తిరిగొచ్చాక నా భర్త అడిగారు. తల దించుకున్నాను. మళ్లీ అడగలేదు, ఇప్పటికీ.

ఇది చదివేవాళ్లు ఎవరైనా, మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పులు బిగుతయ్యాయంటే నాలాగ ఊరుకోకండి.

పెద్దకర్మ అయ్యాక జట్టు పిల్లలు వల కోసం వచ్చారు. నన్నూ రమ్మన్నారు. మొదటిసారి ఆ మైదానానికి వెళ్లాను. గీతలు వంకరగా ఉన్నాయి. నిచ్చెన వేసి వల కట్టారు. ఒక పిల్ల బంతి వేసింది. బంతి రింగులో పడి, వలలోకి దిగి, అక్కడే ఆగిపోయింది.

అడుగు ఎప్పుడు మూసేశానో నాకు తెలియదు.

పిల్లలెవరూ నవ్వలేదు. నిచ్చెన పక్కనే ఉంది గాని ఎవరూ ఎక్కలేదు. బంతి బరువుకి వల మెల్లగా ఊగుతూ ఉంది.