అక్క ఇచ్చిన రెండు క్యాన్ల నీళ్లు

మాది పావగడ దగ్గర తిరుమణి. మా చేను సోలార్ కంపెనీకి లీజుకిచ్చినాక, నాన్న అక్కడ నిలిపిన సోలార్ పలకల కిందే గడ్డి కోసే పనికి పోయేవాడు. నడుము వంగక అదీ మానేశాడు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని, ఎముకలు బిగుసుకుపోయింది దానివల్లేనని పావగడ ఆసుపత్రిలో చెప్పినారు. అప్పటి నుంచి ఊళ్లోని ఫిల్టర్ యూనిట్ నీళ్లే తాగేవాడు.

బెంగళూరులో పరిశోధనకు చేరినప్పుడు, ఏ పని కావాలని మా గైడు సారు అడగకముందే ఫ్లోరైడ్ అన్నాను. కంటికి కనబడనంత చిన్న ఇనుప ఆక్సైడు రేణువులను నీళ్లలో కలిపితే అవి ఫ్లోరైడును పట్టుకుంటాయి. తర్వాత అయస్కాంతంతో వాటిని లాగేయొచ్చు. చిక్కల్లా అవి నీళ్లలో నిలవకపోవడమే. ఒకదానికొకటి అతుక్కుని పది నిమిషాల్లో మడ్డిలా అడుగుకు చేరతాయి. పాలిమర్ తొడుగు వేస్తే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లంతా పరుచుకుని ఉంటాయి.

ఆ తొడుగు నా వంతు. అవి ఎంత ఫ్లోరైడు పట్టుకున్నాయో కొలవడం అక్క వంతు. సొంత అక్క కాదు, ల్యాబులో సీనియర్, హాస్టల్లో నా గదిలోనే ఉండేది. నాకు జ్వరమొస్తే జావ కాచి ఇచ్చింది. నా యాసను వెక్కిరించిన వాళ్ల నోరు మూయించింది. పాలిమర్ ముందు కలపాలా తర్వాతా, వేడి ఎంత ఉండాలి అని నేను ఏడాదిపాటు తంటాలు పడుతుంటే పక్కనే కూర్చుంది. చివరికి ఒక సీసా నెలరోజులు కిటికీలో పెట్టినా నల్లగా, డికాక్షన్‌లా అలాగే నిలిచింది. ఆ రోజు నాకంటే ఎక్కువ సంబరపడింది ఆమే. తర్వాత కొలిచి, ఫ్లోరైడునూ బాగా పట్టుకుంటున్నాయంది.

తర్వాత మా ఊరి బడిలో అందరికీ చూపించినాం. బోరు నీళ్లలో నా నల్లరసం కలిపి, గాజు కూజా కింద పెద్ద అయస్కాంతం పెట్టింది అక్క. అరగంటకు నీళ్లు తేటపడినాయి. నాన్న లేచి, ఇవి తాగొచ్చా అని అడిగినాడు. "మీ అమ్మాయి చేసిన పనే కదా, ధైర్యంగా తాగండి" అంది. నా గుండె ఉప్పొంగింది. అలా తేర్చిన నీళ్లే రెండు క్యాన్లు మా ఇంట్లో పెట్టి వచ్చినాం.

మూడు వారాలకు, అక్క చుట్టాల పెళ్లికని వాళ్ల ఊరికి పోయినప్పుడు, పత్రికకు పంపే మా పరిశోధన వ్యాసంలోకి గ్రాఫు గీయమన్నారు సారు. అంకెల కోసం ఆమె నోటుబుక్కు తీసినాను. ఒక పేజీలో రెండు వరుసలు. తొడుగు లేని రేణువులు ఫ్లోరైడును బాగా పట్టుకున్నాయి. తొడుగున్నవి, అంటే నావి, దాదాపు ఏమీ పట్టుకోలేదు. అది మా ఊరికి పోవడానికి చాలా నెలల ముందు రాసిన పేజీ. అక్క రాసిన వ్యాసం చిత్తులో మాత్రం నా సీసా ఫోటో పక్కన మొదటి వరుస అంకెలే ఉన్నాయి.

నేను ఎంచుకున్న పాలిమర్‌ది రుణావేశం. ఫ్లోరైడుదీ అదే. రెండూ ఒకదాన్నొకటి తోసేస్తాయి. ఇంటర్ పిల్లకు తెలిసే సంగతి నాకెందుకు తట్టలేదు? అక్క బాగున్నాయంటే బాగున్నాయనుకున్నాను. ల్యాబులో మిగిలిన మా బోరు నీళ్లలో నా నల్లరసం కలిపి, ఫ్లోరైడు నేనే కొలిచినాను. ముందెంతో తర్వాతా అంతే.

ఆమె రాగానే నోటుబుక్కు ముందు పెట్టినాను. కాదనలేదు. అంత కష్టపడినావు, చెప్పి బాధపెట్టడమెందుకని ఊరుకున్నానంది.

"మా నాన్న ఆ నీళ్లు తాగుతున్నాడక్కా."

"రెండు క్యాన్లే కదా" అని మంచం మీద బట్టలు మడతపెట్టుకుంది.

మరుసటి రోజే బస్సెక్కినాను. నాన్న ఆ నీళ్లను మందులాగా పొద్దునా సాయంత్రం కొలుచుకుని తాగుతున్నాడు. ఫిల్టర్ నీళ్లు ముట్టడమే మానేశాడు. ఇంకా పావు క్యాను మిగిలుంది. చెప్పినాను. నాన్న క్యాను మూత బిగించి నా వైపు తిరిగినాడు.

"నువ్వు కొలిచి చూసినావా, లేకుంటే ఆయమ్మ చెప్పింది నమ్మినావా?"

"నమ్మినాను నాన్నా."

మరుసటి పొద్దున నన్ను వెంటబెట్టుకుని పాల డైరీ దగ్గరికి పోయినాడు. ఇన్నాళ్లూ అందరికీ గొప్పగా చెప్పుకున్న చోటే అది. "ఆ నీళ్లు మామూలు బోరు నీళ్లేనప్పా. నా కూతురే కనుక్కునింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అయినా తలెత్తలేకపోయినాను.

సారుకు చెబితే, సీసా ఫోటో, ఆ అంకెలు రెండూ మన ల్యాబు ఫలితాలే కదా, ఈసారి వేరువేరు పేజీల్లో వేద్దామన్నారు. వ్యాసంలోంచి నా పేరు తీయించుకున్నాను, గది మార్చుకున్నాను. అక్క ఉద్యోగమొచ్చి వెళ్లేటప్పుడు తలుపు తట్టింది. తీయలేదు.

ఇప్పుడు ధనావేశముండే పాలిమర్‌తో చేస్తున్నాను. కొంచెం పట్టుకుంటున్నట్టే ఉంది. ప్రతి సీసా నేనే కొలుస్తాను, ఇంకొకరితో కొలిపిస్తాను. ఊళ్లో ఎవరైనా అడిగితే ఇంకా తెలియదనే చెబుతున్నాను.