మూలంలో పెట్టి చూడమ్మా

పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పాను. ఈసారీ పోతే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పనికి నా పేరు పంపరు. దానికి పది పాసై ఉండాలి. కృష్ణగిరిలో పరీక్ష సోమవారం. ముందురోజు ఆరాధన అయ్యాక, మూకండపల్లిలోని మా మందిరంలోనే పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను.

√(x + 6) = x. రెండు వైపులా వర్గం చేశాను. జవాబులు 3, −2 వచ్చాయి. పుస్తకం వెనక మాత్రం 3 ఒక్కటే ఉంది.

“పుస్తకమే తప్పన్నా. నేను సరిచూసినాను, రెండూ కుదిరినాయి,” అన్నాను పక్కనున్న పెద్దాయనతో. ఆయన రిటైరైన ఫిట్టర్, మా బైబిల్ క్లాసు నడుపుతారు.

“యాడ పెట్టి చూసినావు?”

“ఈడ, వర్గం చేసిన లైన్లో. మైనస్ రెండు పెడితే ఇటూ నాలుగు, అటూ నాలుగు.”

“అది నువ్వు రాసుకున్న లైను కదా. మూలంలో పెట్టి చూడమ్మా.”

“వర్గమూలం లోపలనా?”

“ఆ మూలం కాదమ్మా. పోయిన వారం పాటలో విన్న మాటను బైబిల్ వాక్యమని చెప్పినావే, మరిచిపోయినావా?”

మరిచిపోతానా? ఏ అధ్యాయమని ఆయన అడిగితే, అందరి ముందూ పేజీలు తిరగేసి తిరగేసి తెల్లమొహం వేశాను. మూలం చూపించనిదే మా క్లాసులో ఏ మాటా నిలవదు.

మొదటి లైన్లో −2 పెట్టాను. ఎడమవైపు నాలుగుకు వర్గమూలం, అంటే రెండు. కుడివైపు మైనస్ రెండు. కుదరలేదు. వర్గం చేసేటప్పుడు మైనస్ మాసిపోయి, లేని జవాబు లోపలికి వచ్చేసిందన్నమాట. అన్నం సంగతే మరిచిపోయి, ఆ పాఠంలోని లెక్కలన్నీ మళ్లీ చేశాను.

మర్నాడు కృష్ణగిరి బస్సులో దారంతా ప్రార్థన. పేపరు తెరిస్తే √(3x − 2) = x. 1, 2 వచ్చాయి. రెంటిలో ఒకటి దొంగదే అయి ఉంటుందని ఆత్రంగా 1ని కొట్టెయ్యబోయి, ఆగాను. మూలంలో పెట్టాను. ఒకటికి ఒకటి సరిపోయింది. 2 పెడితే నాలుగుకు వర్గమూలం రెండు. రెండూ నిజమే. స్తోత్రం అని పైకే అనబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ చెయ్యి తియ్యకుండానే రెండు జవాబులూ రాసేశాను.

పాసయ్యానని తెలిసిన క్షణమే పెద్దాయనకు ఫోన్ చేశాను. దేవునికి స్తోత్రం చెప్పి, ఆయన నవ్వారు.

“ఆదివారం మార్కుల షీటు తీసుకురామ్మా. మూలం చూడొద్దా?”