ఐజాజ్ టైలరు నెలవంక గండం

మాచర్ల మొత్తం మీద నెలవంకను చూసి భయపడే మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను టైలర్ ఐజాజ్. పాముకు భయపడడు, పోలీసుకు భయపడడు, రెంటచింతల మే నెల ఎండలో గొడుగు లేకుండా నడిచి వస్తాడు. రంజాన్ నెల చివర పడమటి వైపు సన్నగా కనిపించే ఆ ఒక్క గీతంటే మాత్రం అతనికి కాళ్లూ చేతులూ ఆడవు. ఊరంతా నెలవంక కోసం ఆశగా మేడలెక్కితే, ఇతను "ఇయ్యాల రాకుండా చూడు అల్లా" అని గొణుక్కుంటూ ఎక్కుతాడు.

విచిత్రం ఏమిటంటే, ఆకాశమంటే అతనికి ప్రాణం. ప్లాస్టిక్ గొట్టానికి అద్దాలు బిగించి, పాత కుట్టుమిషన్ ఇనప స్టాండు మీద నిలబెట్టి సొంతంగా దుర్భిణి తయారుచేసుకున్నాడు. చీకటి పడితే మేడ మీదే మకాం. దారిన పోయేవాళ్లను కేకేసి మరీ పిల్లలకోడి చుక్కలు చూపిస్తాడు. ఒకసారి ఎదురు బట్టల కొట్టు సీతారామాంజనేయులు గారిని పిలిచి శనిగ్రహం చుట్టూ ఉన్న వలయం చూడమన్నాడు. ఆయన మెట్ల మీదే ఆగిపోయారు.

"శని మనల్ని చూడకుంటే చాలనుకుంటుంటే, మనమే పోయి దాన్ని చూడటమేందయ్యా?"

చానాసేపు బతిమాలితే ఒక కన్ను మాత్రం పెట్టి చూశారు. ఒక కంటితోనే చూశాను కాబట్టి ఏడున్నరేళ్లు పట్టాల్సిన శని అందులో సగమే పడుతుందని ఇంటికెళ్లి భార్యకు ధైర్యం చెప్పారట.

ఐజాజ్ భార్య నజీమాకు ఈ చుక్కల పిచ్చి చూస్తే ఒక పక్క నవ్వు, ఒక పక్క గుబులు. అతను ముందు గదిలో కొలతలు తీసుకుని కుడితే, ఆమె లోపలి గదిలో కాజాలు, గుండీలు కుడుతుంది. ఊళ్లో తక్కిన టైలర్లు రంజాన్ ఉపవాసాల్లో పదిహేనో రోజా రాగానే కొత్త గుడ్డ ముట్టుకోరు. ఐజాజ్ మాత్రం అప్పుడే పండగ పని మొదలైనట్టు వచ్చినదల్లా తీసుకుంటాడు. ఎప్పుడిస్తావని ఎవరైనా అడిగితే మిషన్ వైపు చూడడు, కిటికీలోంచి పైకి చూస్తాడు. నెలవంక కనిపించిన మర్నాడే పండగ కాబట్టి, అది ముప్పయ్యో రోజాకు వస్తే బతికిపోతాడు. ఇరవై తొమ్మిదికే వస్తే ఒక రోజు గల్లంతు.

పోయినేడు ఇరవై తొమ్మిదికే వచ్చింది. ఐజాజ్ మేడ దిగి వచ్చి, ఇంటి మీదికి పోలీసులు వచ్చినట్టు మొహం పెట్టి, "వచ్చేసింది" అన్నాడు. తెల్లారి నమాజుకు పోతున్న ఒక కుర్రాడి వెనకే సూది పట్టుకుని ఈద్గా దాకా నడుస్తూ చొక్కాకు గుండీ కుట్టాడు. వీధి వీధంతా పగలబడి నవ్వింది. నజీమాకు మాత్రం నవ్వు రాలేదు. చొక్కా పూర్తికాని ఇంకో పిల్లాడు పాత బట్టల్లో గుమ్మం దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ రోజు ఆమెకు సేమ్యా పాయసం గొంతు దిగలేదు. ఆ ఏడుపు ఏడాది పొడుగునా చెవుల్లోనే ఉంది. మొగుడు చుక్కలు లెక్కపెడుతూ కూర్చోబట్టే బిడ్డ పండగ పాడైందని ఆమె నమ్మకం.

అందుకే ఈసారి పదిహేనో రోజా నాడు తనే అట్టముక్క మీద 'కొత్త ఆర్డర్లు తీసుకోము' అని రాసి గుమ్మానికి తగిలించింది. రోజూ పొద్దున ఆమె అట్టను సరిగ్గా తగిలించడం, మధ్యాహ్నానికి అది గోడ వైపు తిరిగిపోవడం. గాలికి తిరుగుతోందేమోనని ఐజాజ్ ఎంతో అమాయకంగా అనేవాడు. మార్చి నెల మాచర్లలో గాలెక్కడిదని ఆమె నిలదీస్తే, పై గాలి వేరు అని ఆకాశశాస్త్రం మొదలుపెట్టేవాడు.

ఇరవై తొమ్మిదో రోజా సాయంత్రానికి లోపలి గదిలో గుడ్డల కుప్ప ఆమె నడుము దాకా పెరిగింది. ఖర్జూరంతో రోజా విడిచి ఐజాజ్ మేడెక్కాడు. ఇవాళ సూర్యుడి వెనకే చంద్రుడూ మునిగిపోతాడని, కంటికి ఆనే ప్రశ్నే లేదని వారం నుంచి లెక్కలు చెబుతున్నాడు. అయినా గొట్టాన్ని పడమటికే తిప్పి పెట్టాడు. సీతారామాంజనేయులు గారూ తోడుగా ఎక్కారు. పండగ ఒక రోజు జరిగితే ఆయన కొట్లో ఇంకొక రోజు బేరం.

వాళ్ల వెనకే మేడెక్కిన నజీమా, ఎవరో పిలిచినట్టయి కిందికి దిగింది. గుమ్మంలో మిరప చేలకు కూలికి పోయే మున్నీ నిలబడి ఉంది. రెంటచింతల బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చీర కొంగుకు మిరపకాయల ఘాటు. చేతిలో పూల గుడ్డ.

"భాయ్ ఉన్నాడా భాబీ? మిరపకోత కూలీ ఇయ్యాలే చేతికొచ్చింది."

నజీమా అట్టముక్క చూపించబోయింది. అది ఎప్పటిలా గోడ వైపు తిరిగి ఉంది. ఇంత ఆలస్యంగా వస్తే ఎట్లాగని కసిరింది.

"మాకు కూలీ డబ్బులొచ్చేసరికి ఏ టైలరూ గుడ్డ ముట్టుకోడు భాబీ. భాయ్ మాత్రం చివరి రోజు దాకా రండి, చంద్రుడి సంగతి నేను చూసుకుంటానంటాడు. పోయినేడు మావాడి చొక్కా పండగ అయిపోయిన తెల్లారి ఇచ్చాడు. వాడు ఏడ్చాడు గానీ, అయినా ఇక్కడికే వచ్చా. పొమ్మననోడు ఈయనొక్కడే."

నజీమా లోపలికి వెళ్లి కుప్పను మొదటిసారి సరిగ్గా చూసింది. అన్నీ చిన్న చిన్న చొక్కాలు, గౌన్లు, చవక గుడ్డలు. కలిగినవాళ్ల బట్టలన్నీ పదిహేనో రోజాకు ముందే కుట్టి ఇచ్చేశాడు. ఈ కుప్పంతా చేలల్లోంచి ఆలస్యంగా వచ్చినవాళ్లది. ఇన్నాళ్లూ ఆ మనిషిని ఎన్నెన్ని మాటలన్నానోనని ఆమెకు సిగ్గేసింది. ఆ వెంటనే అంతకు మించిన భయం వేసింది. ఇవాళ నెలవంక కనిపిస్తే ఇంతమంది పిల్లలు గుమ్మంలో ఏడుస్తారు.

మున్నీని కూర్చోమని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. పుట్టి బుద్ధెరిగాక నెలవంక రావద్దని వేడుకోవడం ఆమెకు అదే మొదలు.

సరిగ్గా అప్పుడే సీతారామాంజనేయులు గారు పడమటికి వేలు చూపించారు. "అదిగోనయ్యా, గీత."

నిజమే. ఎర్రటి ఆకాశంలో సన్నగా, తెల్లగా మెరుస్తోంది. పక్క మేడల మీద కలకలం మొదలైంది. ఐజాజ్ దుర్భిణికి కన్ను ఆనించాడు గానీ, చూడలేక మూసుకున్నాడు. నజీమా అతని భుజం పట్టుకుని కుదిపింది.

"కళ్లు తెరిచి చూడయ్యా. ఏదైతే అదయింది."

అతను తెరిచాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. "నడుస్తాందే అది. విమానం వదిలిన పొగ."

కాసేపటికి మసీదు మైకులో నెలవంక కనపడలేదని, పండగ ఎల్లుండి అని చెప్పారు. వీధిలో పిల్లలు ఉసూరుమన్నారు. మొగుడూ పెళ్లాలు మాత్రం పిట్టగోడకు ఆనుకుని, దొంగసొమ్ము దొరికినవాళ్లలా ఒకరినొకరు చూసుకున్నారు.

ఐజాజ్ కిందికి వచ్చి మున్నీని, ఆమె చేతిలో గుడ్డను చూశాడు. గతుక్కుమన్నాడు. ఇదే ఆఖరిదని, ఇక ఒక్క జేబురుమాలు కూడా తీసుకోనని నజీమాకు చెప్పబోయాడు. ఆమె అతని మెడలోంచి టేపు లాక్కుంది.

"మీ పేటలో ఇంకెవరన్నా ఉండారా మున్నీ?"

"ఉండారు భాబీ. తిడతావేమోనని బస్టాండులోనే ఆగిపోయారు."

"రమ్మను."

ఐజాజ్ వెళ్లి మిషన్ ముందు కూర్చున్నాడు.