లేచి నిలబడే పిన్ని

మొన్న జాకెట్టు కుట్టించుకుందామని తాడేపల్లిగూడెం వెళ్తే, టైలరింగ్ షాపులో మా పిన్ని కూర్చునే కుర్చీలో ఎవరో కొత్తావిడ కూర్చుని హుక్కులు కుడుతోంది. ఆవిడ పనికి వంక పెట్టడానికేమీ లేదు గానీ, నాకు మాత్రం ఒళ్లు మండింది. సంచీలోంచి గుడ్డ తియ్యకుండానే వచ్చేశాను.

మా పిన్నికి పోలియో. ఎడమకాలు పనిచెయ్యదు కాబట్టి మిషన్ తొక్కలేదు; చేతికుట్టులో మాత్రం ఆవిణ్ణి మించినవాళ్లు లేరు. ఉండేది గణపవరం దగ్గర, చేపల చెరువుల మధ్య ఓ ఊళ్లో. బస్సు మెట్లు ఎక్కలేదు, ఆటోయే గతి. షాపులో వచ్చేదాన్లో సగానికి పైగా ఆటోకే పోయేది. ఆ లోటు వికలాంగుల పింఛను పూడ్చేది. పింఛనొస్తోందిగా, ఇంకా పనికెందుకని చుట్టాలు అడిగేవారు. పింఛనుంది కాబట్టే పనికెళ్లగలుగుతోందని చెప్పి చెప్పి నాకు నోరు నొప్పెట్టింది.

ఆ మధ్య పింఛన్లు మళ్ళీ తనిఖీ చేస్తామని ఏలూరు రమ్మన్నారు. మా ఇంట్లో అందరికీ ఒక జబ్బుంది: పెద్దవాళ్లొచ్చినా, చదువుకున్నవాళ్లొచ్చినా లేచి నిలబడాల్సిందే. పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, పేరంటానికి వెళ్లినట్టు వెళ్లింది. కొడుకు వయసున్న డాక్టరు గదిలోకి రాగానే బల్ల పట్టుకుని లేచింది. ఎంతసేపు నిలబడగలరని ఆయన మర్యాదగానే అడిగాడట.

"మీరు కూర్చునేదాకా నిలబడతానండీ" అందిట మా పిన్ని.

ఆయన రాసుకున్నాడు. వైకల్యం శాతం తగ్గింది, పింఛను ఆగింది, ఆ వెనకే పనీ ఆగింది.

అప్పీలు పెట్టుకుంటే రెండోసారి పిలిచారు. ఈసారి నేనూ వెంట వెళ్లాను. ఆటోలో దారి పొడుగునా ఒకటే పాఠం చెప్పాను, కలెక్టరొచ్చినా లేవద్దని. డాక్టరు వచ్చారు. అలవాటుకొద్దీ నేను లేచి నిలబడ్డాను. పిన్ని మాత్రం కొంగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, తల దించుకుని కూర్చునే ఉంది.

"ఏమనుకోకండి డాక్టరుగారూ" అంది మెల్లిగా.

ఆ పాఠం చెప్పినందుకు నాకు సిగ్గేసింది. ఫలితం ఇంకా రాలేదు, రేపోమాపో అంటున్నారు.

చిన్నప్పుడు గోడ పట్టుకుని లేచి నిలబడటానికి పిన్నికి నాలుగేళ్లు పట్టిందట. లేవకుండా కూర్చోవడం నేర్చుకోవడానికి ఒక్క పూట పట్టింది.